పదకొండో మడి

మా పక్కింటి తాతయ్య పోయాడని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను దీవుల ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో డ్యూటీలో ఉన్నాను. బస్సు పట్టుకుని దక్షిణాన గరాచర్మ చేరేసరికి దహనం అయిపోయింది. ఆయన్ని క్షమాపణ అడగాలని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. అడగలేదు.

సునామీకి ముందు మా రెండు కుటుంబాలూ సముద్రం ఒడ్డు ఊళ్లో ఉండేవి. తాతయ్యకు చదువు రాదు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అందుకని పుల్లల మీద అంకెలు నాచేత వేయించి మడికొకటి గుచ్చేవాడు. ఓడలో వచ్చి దీవిలో స్థిరపడినవాళ్లు తమ ఊళ్ల నుంచి తెచ్చి ఇచ్చిన గుప్పెడు గుప్పెడు వడ్లతో పన్నెండు రకాలు, పన్నెండు చిన్న మడులు. దేనికీ యూరియా వేసేవాడు కాదు.

“పాపం కదా తాతా?”

“ఆకలుంచితేనే తెలుస్తాదే, ఏది తక్కువ తిని గింజ పెడతాదో. బస్తా కొనలేనోడికి ఆ గింజే దిక్కు.”

ఆ ఏడు పదకొండో మడి కంకి వేస్తూనే కింది ఆకులు పసుపెక్కాయి. నాకు జాలేసింది. మా నాన్న తెచ్చిన యూరియా రెండు గుప్పెళ్లు తీసుకెళ్లి చల్లేశాను. వారం తిరిగేసరికి మడి నిగనిగలాడింది. తాతయ్య గట్టు మీద కూర్చుని ఆకులు తడిమి చూశాడు.

“ఏటే, తిండెట్టీసినావా?”

తలూపాను.

“అరే బేటీ... సరే, ఛోడో, వదిలెయ్. పండనీ. గింజ చేతికొస్తే మళ్లీ ఏడు సూద్దుం.”

మిగతా పదకొండు మడులూ పండాయి. కోసి, విత్తనం గరాచర్మలో కూతురింట్లో దాచాడు. ఎరువు తిన్న మడి మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. సముద్రం వచ్చిన పొద్దున పొలంలో నిలబడి ఉన్నది అదొక్కటే. నేల కుంగిపోయింది. ప్రతి పోటుకీ సముద్రం ఇప్పటికీ ఆ పొలంలోకి వస్తుంది.

సునామీ శిబిరంలో నేను తప్పయిందని చెప్పబోతే తాతయ్య ఆపేశాడు. “మనుషులు పోయిన కాడ గింజల మాటెత్తకూడదే.” తర్వాత ఎవరడిగినా, “దరియా తినేసింది భయ్యా” అని సముద్రం మీదికి తోసేసేవాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా నా పేరు చెప్పలేదు.

వ్యవసాయ కళాశాలలో ఒకరోజు పాఠం విన్నాను. వేళ్లతో నత్రజని తీసుకోవడంలో, దాన్ని ముదురు ఆకుల్లోంచి గింజకు మళ్లించడంలో రకానికీ రకానికీ పుట్టుకతోనే తేడా ఉంటుందట. ఆలస్యంగా వేసిన ఎరువు పంటను ఆలస్యం చేస్తుందట. పదకొండోది ఆకలికి పాలిపోయిందో, ఉన్నదంతా గింజకు పెడుతూ పసుపెక్కిందో తెలుసుకుందామంటే ఒక్క గింజ మిగల్లేదు.

ఉద్యోగం వచ్చాక పదకొండోది దొరుకుతుందేమోనని డిగ్లీపూర్ రైతుల దగ్గర పాత రకాల వడ్లు అడిగి తెచ్చేదాన్ని. తాతయ్య అరచేతిలో పోసుకుని, ఒక గింజ కొరికి, “ఇది కాదే” అనేవాడు. “అయినా ఉంచు.”

దినం నాడు కూతురు నన్ను వాళ్ల పొలానికి తీసుకెళ్లింది. పన్నెండు మడులు. పదకొండింటిలో వరి మోకాలెత్తు ఉంది. ఒక మడిలో నాటు లేదు. దమ్ము చేసి, గట్టు మెత్తి, కలుపు లేకుండా ఉంది.

“ప్రతి ఏడూ ఇంతే. దీన్లో ఏదీ నాటనివ్వడు. మొన్న మంచాన పడే ముందు కూడా కలుపు తీశాడు,” అంది.

మూలన పుల్ల మీద, శిబిరం రోజుల్లో ఎప్పుడో నేను వేసిచ్చిన అంకె, పదకొండు. వాన మొదలైంది. ఖాళీ మడిలో నీళ్లు మెల్లగా నిండుతున్నాయి.