పదకొండు పేర్లు చదివిన ఆడిటరు గారు

పోయిన సోమవారం పొద్దున మా ఆడిటరు గారు కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నాకు కబురు గుడివాడ బస్టాండులో అందింది. పెడన నుంచి అద్దకం మేస్త్రీ ఫోను చేశాడు. "ఒరే అబ్బాయ్, ఆడిటరు గారు ఇంక లేరురా. మేం షెడ్డు మూసేసి బందరు వెళ్తున్నాం. నువ్వు తిన్నగా అక్కడికే వచ్చెయ్."

ఇన్‌కంటాక్సు కాగితాలు రాసే మనిషి పోతే బట్టల మీద అచ్చులు వేసే షెడ్డు మూసేశారంటే ఎవరైనా నవ్వుతారు. ఎందుకు మూశారో తెలిసినవాణ్ణి నేను. పైగా ఆ కథలో తప్పు చేసినవాణ్ణి కూడా నేనే. అందుకే రాస్తున్నాను.

ఆయన పెద్ద చదువుల ఆడిటరు కాదు. పన్ను ఆఫీసుకి రిటర్నులు రాసిపెట్టే ప్రాక్టీషనరు. బందరు గొడుగుపేటలో ఒక మందుల షాపు పైన చిన్న గది, రెండు చెక్క బీరువాలు, ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి తిరిగే ఫ్యాను. ఆయనకో పట్టుదల ఉండేది. సంతకం పెట్టించే ప్రతి కాగితాన్నీ ముందు పైకి చదివి వినిపించేవారు. కోటీశ్వరుడైన రొయ్యల చెరువుల ఆసామి వచ్చినా అంతే, కూరగాయల కొట్టు ముసలాయన వచ్చినా అంతే. "నాకు టైము లేదండీ, ఎక్కడ పెట్టాలో చూపించండి" అని ఎవరైనా తొందరపడితే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. "టైము ఉన్నప్పుడే రండి. కాగితం ఎక్కడికీ పోదు."

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది ఒక కొత్త కంపెనీ గుమాస్తాగా. గుడివాడకి చెందిన ఇద్దరు ఇంజనీరింగు స్నేహితులు పెట్టిన కంపెనీ అది. బందరులో ఒక అద్దె గది, ఒక కంప్యూటరు. పెడనలో కలంకారీ దుప్పట్లు అద్దించి, ఇంటర్నెట్టులో ఫొటోలు పెట్టి, పై దేశాల షాపులకి పంపేవారు. నెలజీతం వాణ్ణి నేనొక్కణ్ణే. అచ్చులు వేసేవాళ్ళు, బట్ట ఉడకబెట్టేవాళ్ళు, కాలువలో ఉతికేవాళ్ళు అందరూ బయటివాళ్ళే. ఎంత పని చేస్తే అంత కూలి.

పెడనలో పద్ధతి ఏమిటంటే, షెడ్డు మొత్తం కూలి మేస్త్రీ చేతికే ఇస్తారు. ఆయన శనివారం సాయంత్రం అందరికీ పంచుతాడు. మా వాళ్ళకీ అదే సుఖంగా ఉంది. పదకొండు మంది పనికి ఒకటే బిల్లు, ఒకటే చెక్కు, మేస్త్రీ పేరు మీద. అంత మొత్తం కాంట్రాక్టు కింద ఒక మనిషికి ఇస్తే నూటికి రెండు రూపాయలు పన్ను కింద ముందే పట్టుకుని, మరుసటి నెల ఏడో తారీఖులోపు బ్యాంకులో కట్టాలని చట్టం. పట్టుకున్నట్టు ఒక సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. అది పదహారు-ఎ ఫారం.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కార్మిక సభల దగ్గర రూపాయికి, రెండు రూపాయలకి అమ్మే చిన్న పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. కూలివాడి డబ్బులో కోత అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఒక కరపత్రం రాసి, జిరాక్సు తీయించి, షెడ్డులో పంచాను. "మీ చెమటలో నూటికి పది కోస్తున్నారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి!" అని. ఒక కాపీ ఆయన బల్ల మీద కూడా పడేసి, "మీరు ఎవరి పక్షం సార్?" అన్నాను.

ఆయన నింపాదిగా చదివారు. ఎర్ర పెన్ను తీసి "పది" కొట్టేసి "రెండు" అని రాశారు.

"అబద్ధం ఒక్కటి కలిపావంటే నీ నిజం కూడా పోతుందయ్యా. కోపం మంచిదే. దాని కింద తారీఖు, లెక్క వేసి పెట్టు, అప్పుడు పనికొస్తుంది. పన్ను పట్టుకోవడం తప్పు కాదు. పట్టుకుని చీటీ ఇవ్వకపోవడం తప్పు. ఆ చీటీ మీ కంపెనీ ఇస్తోందా? మేస్త్రీకి ఇచ్చావా?"

ఇవ్వలేదు. ఆ ఫారాలు నా సొరుగులోనే ఉన్నాయి. వాటిని నేను దోపిడీ కాగితాలనుకుని ముట్టుకోలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకనాడు నేను ఆడిటరు గారి గదిలో ఉండగా మేస్త్రీ రిజిస్టరు కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏంట్రా ఇది? నేను లక్షాధికారినంట. పన్ను ఎందుకు కట్టలేదని అడుగుతున్నారు. రేపు తెల్లకార్డు పీకేస్తే బియ్యం ఎవరిస్తార్రా, మీ కంపెనీ ఇస్తదా?"

నేను వెంటనే పన్ను ఆఫీసు ముందు ధర్నా అన్నాను. ఆడిటరు గారు ఆ కవరు తీసుకుని, పైకి చదివి, మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పారు. "వాళ్ళ తప్పేం లేదండీ. కాగితం మీద పదకొండు మంది కూలి మీ ఒక్కరిదే. మిగతా పదిమందికీ పంచారని చూపించాలి. రుజువేదైనా ఉందా?"

"రుజువా? నేనేమన్నా రాసుకున్నానా అండీ? గోడ మీద ఉంటది లెక్క."

"పదండి, గోడ చూద్దాం" అన్నారాయన.

బస్సులో పెడన వెళ్ళాం. షెడ్డు ఉత్తరం గోడ మా కంపెనీ తాన్లకే కేటాయించి ఉంది. తాను అంటే ఒక చుట్ట బట్ట. అది పూర్తికాగానే ఆ పని చేసినవాళ్ళు తమ పాత అచ్చుతో గోడ మీద ఒక ముద్ర వేస్తారు. ఒకరిది మామిడి పిందె, ఒకరిది చిలక, ఒకరిది ఆకు. ఉతికే పిన్నికి అచ్చు లేదు, రంగులో ముంచిన వేలి ముద్ర. నెల తిరగ్గానే బొగ్గుతో అడ్డగీత. కంపెనీ మొదలైన రోజు నుంచి ఉన్న లెక్క అంతా ఆ గోడ మీదే ఉంది. నేను వందసార్లు ఆ షెడ్డుకి వెళ్ళాను. అలంకారం అనుకున్నాను.

ఆయన ఒక స్టూలు లాక్కుని, గోడకి ఎదురుగా కూర్చుని, "ఇంత శుభ్రమైన ఖాతా నా సర్వీసులో చూడలేదు" అన్నారు. రెండు రోజులు పట్టింది రాయడానికి. మేస్త్రీ ముద్రలు ఒక్కొక్కటీ చెప్పడం, ఆయన నోటుబుక్కులో ఎక్కించడం, నేను మా బిల్లులతో సరిచూడటం. సరిపోయింది. ఇంక ప్రతి ఒక్కరూ తమ లెక్క కింద "ఇంత నాకు ముట్టింది" అని సంతకం పెట్టాలి.

ఒక్కరు కూడా పెట్టలేదు.

ఉతికే పిన్ని చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "నువ్వే కదయ్యా కాయితం పంచావ్, దేని మీదా సంతకం పెట్టొద్దని? మా వాడి చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. ఇవాళ నువ్వే పెన్ను పట్టుకొచ్చావ్. ఏ పూట మాట నమ్మమంటావ్?"

చిలక అచ్చు బాబాయి అందుకున్నాడు. "నాయకుడు గారికి కంపెనీ ప్రమోషన్ ఇచ్చిందేమోలే పిన్నీ." అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. వారం తిరిగేసరికి పన్ను ఆఫీసరు ముందు ఆ కాగితాలు పెట్టకపోతే ఆ లక్షలన్నీ తనవే అని ఖాయమైపోతాయి.

నేను ఆడిటరు గారి వంక చూశాను. ఆయన నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అన్నారు. "నేను చెబితే వింటారు. కానీ వాళ్ళకి చెప్పింది నువ్వు. నువ్వే వెనక్కి తీసుకోవాలి. కష్టంగానే ఉంటుంది, వెళ్ళు."

నా జీవితంలో నేను చేసిన మొట్టమొదటి మంచి ఉపన్యాసం అదే. అరుపుల్లేవు. "పిన్నీ, నేను తెలియక రాశాను. పది అన్నాను, అది రెండు. సంతకం వద్దన్నాను, చదవకుండా పెట్టొద్దని అనాల్సింది. మేస్త్రీకి ఇవ్వాల్సిన చీటీ నేనే సొరుగులో పెట్టుకు కూర్చున్నాను. ఇవాళ ఆయనకి వచ్చిన చిక్కులో సగం నాది."

 ఆడిటరు గారు నోటుబుక్కు తెరిచి, ఒక్కొక్కరి లెక్కా పైకి చదవడం మొదలుపెట్టారు. పిన్ని వంతు రాగానే మొత్తం చెప్పారు.

"అంతేనా?" అంది పిన్ని. "ఏడాది పొడుగునా నడుం విరగ్గొట్టుకుంటే అంతేనా?"

"అంతేనమ్మా. దీని మీద పన్ను రాదు. మీ కార్డుకీ ఏం కాదు."

"దీని మీద కూడా పన్నేస్తే ఇంక వాళ్ళకి సిగ్గుండాలి" అంటూ వేలు రంగులో ముంచింది. తరవాత మిగతావాళ్ళు వరసగా వచ్చారు. సంతకం వచ్చినవాళ్ళు సంతకం పెట్టి, దాని పక్కనే ఎవరి అచ్చు వాళ్ళు వేశారు. అది ఎవరూ అడగలేదు.

ఆఫీసరు గారు ఆ కాగితాలు తిప్పి తిప్పి చూశారు. "ఈ చిలకలేమిటండీ?" అన్నారు. ఆడిటరు గారు గోడ సంగతంతా చెప్పారు. మేస్త్రీ సొంత ఆదాయం పన్ను హద్దులోపే అని తేలింది. ఆయన పేరున పట్టుకున్న పన్ను మొత్తం రిఫండు వచ్చింది. ఆ రిఫండు చెక్కు కవరు నేను చింపబోతే ఆడిటరు గారు ఆపారు. "వారి పేరు మీద వచ్చింది, వారే తెరవాలి." ఆ పన్ను అందరి కూలిలోంచీ పోయిందే కనక, మేస్త్రీ ఆ డబ్బు పదకొండు వాటాలు వేశాడు.

నేను అంతటితో ఊరుకోలేదు. "చట్టం సరే సార్, ఆ కూలి న్యాయమేనా?" అన్నాను. "కాదు" అన్నారాయన వెంటనే. "అది నీ పోరాటం. ఇప్పుడు నీ దగ్గర లెక్క ఉంది, దాంతో వెళ్ళు." వెళ్ళాను. కరపత్రం లేదు, ఆ నోటుబుక్కు నకలు పెట్టి మా కంపెనీ వాళ్ళ ముందు కూర్చున్నాను. తానుకి కూలి పెంచారు. ఇకమీదట ఎవరి కూలి వాళ్ళకే, ఎవరి వోచరు వాళ్ళదే అని కూడా ఒప్పుకున్నారు. అలా చేస్తే తమ రిటర్ను కూడా నిక్కచ్చిగా ఉంటుందని ఆయన వాళ్ళని ఒప్పించారు. నిక్కచ్చిగా ఉండటం, న్యాయంగా ఉండటం ఒకేచోట కలిసే రోజులు ఉంటాయని నాకు ఆయన వల్లే తెలిసింది. నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కాకపోతే దానికి తారీఖు వేస్తున్నాను.

మొదటి నెల వోచర్లు పంచిన శనివారం ఆయన కూడా వచ్చారు. పదకొండు చీటీలు, పదకొండు కవర్లు. ఒక్కొక్కటీ పైకి చదివి చేతికిస్తున్నారు. ఉతికే పిన్ని అప్పుడే కాలువలోంచి వచ్చింది, చీర కుచ్చిళ్ళు ఇంకా కారుతున్నాయి. ఆయన చీటీ ఎత్తి చదివారు. "వాకా నాగేంద్రమ్మ గారు."

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఆ షెడ్డులో ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "నాదేనా అండీ? ఇంకోసారి చదవండి."

"వాకా నాగేంద్రమ్మ గారు."

గట్టు మీద బట్ట ఉతికే చప్పుడు ఎక్కువగా ఉంది. "వినపళ్ళేదండీ" అంది పిన్ని, స్పష్టంగా విని కూడా. ఆడిటరు గారు స్టూలు మీంచి లేచారు. చీటీని రెండు చేతులతో పట్టుకుని, కాలువ అవతలికి కూడా వినపడేలా, గొంతెత్తి, మూడోసారి చదివారు.