గురమ్మ పొయ్యి మీది బుట్ట

విశాలికి దుమ్మంటే పడదు. అది ఆమె తప్పు కాదు, పుట్టింటి తప్పు. బొబ్బిలిలో వీణ పాఠాలు చెప్పే త్యాగరాజు గారింట్లో కాఫీ కన్నా ముందు వీణ తుడవాలి. అలా పెరిగిన మనిషి శ్రీకాకుళంలో ఒక చిన్న మ్యూజియానికి పెద్దయ్యాక అక్కడ దుమ్ముకి నూకలు చెల్లిపోయాయి.

ఆ మ్యూజియంలో రాజుల కత్తులు లేవు. కొండల మీది సవర ఆడవాళ్ళు చేసి వాడుకున్న పూసల దండలు, చేటలు, అంబలి పట్టుకెళ్ళే ఆనపబుర్రలు ఉంటాయి. పదకొండేళ్ళుగా జీపు ఎక్కగలిగిన చోటికి జీపులో, ఎక్కలేని చోటికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి తెచ్చింది. ఆమెది ఒకటే పట్టుదల. చేసిన మనిషి పేరు రాయకుండా ఏ వస్తువూ అద్దాల పెట్టెలోకి వెళ్ళకూడదు.

సీతంపేట కొండల్లో ఉండే గురమ్మ మాత్రం మూడేళ్ళు తిప్పించుకుంది. ఆమె దగ్గరున్నది తల్లి కూర్మమ్మ అల్లిన వెదురు బుట్ట. చోడి (రాగి) విత్తనాలు పోసి పొయ్యి మీద వేలాడగట్టేవారు. "పాడవకుండా సూత్తావా?" అని నాలుగుసార్లు అడిగి మరీ ఇచ్చింది.

విశాలి ఆ మాట మనసులో పెట్టుకుంది. నాలుగు రోజులు కూర్చుని మెత్తటి కుంచెతో మసంతా తుడిచి, బుట్టని కొత్త పెళ్ళికూతుర్ని చేసింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. మ్యూజియంలో కొత్తగా కట్టిన గది తెరవడానికి వారం ఉందనగా బుట్ట కింద పిండిలా పొడి రాలింది. వెదురుకి పుప్పి పట్టింది.

"తిప్పి పెట్టేస్తే కనిపించదు మేడం," అంది పక్కనే పనిచేసే సుహాసిని. గది తెరిచే రోజు గురమ్మ కూడా వస్తుంది. ఆమెకి తెలిస్తే ఇక ఆ కొండల్లో ఏ గుమ్మమూ తెరుచుకోదు. అయినా విశాలికి దాచడం చేతకాలేదు. బుట్టని పట్టుకుని సీతంపేట బస్సెక్కింది.

గురమ్మ బుట్టని అటూ ఇటూ తిప్పింది. "మసేదే?"

"తుడిచేశాను మామ్మా."

గురమ్మ పడీ పడీ నవ్వింది. "మసి లేకపోతే పురుగు ఊరుకుంటాదేటే? పొగే దానికి మందు. అందుకే కదా మాయమ్మ పొయ్యి మీద కట్టినాది."

విశాలికి మాత్రం నవ్వు రాలేదు. కళ్ళు నిండిపోయాయి. "అది మీ అమ్మ పొయ్యి పొగ మామ్మా. నలభై ఏళ్ళది. నేను నాలుగు రోజుల్లో తుడిచి పారేశాను."

గురమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. "అమ్మ పొగ పోనాది. నా పొగ ఉన్నాది కదా. లెగు, కట్టు."

కొత్త గది తెరిచిన రోజు ఒక పెట్టె ఖాళీగా ఉంది. దాని మీద విశాలి చీటీ అంటించింది: "వెదురు బుట్ట. అల్లినది కూర్మమ్మ. తుడిచి పాడుచేసినది విశాలి. ప్రస్తుతం గురమ్మ పొయ్యి మీద బాగవుతోంది." జనం ఆ ఖాళీ పెట్టె దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. చదువురాని గురమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, రెండుసార్లూ నవ్వింది.

ఏడాది తిరిగాక బుట్ట నల్లగా నిగనిగలాడుతూ దిగి వచ్చింది. విశాలి దాన్ని తుడవలేదు. పెట్టెలో పెట్టి, పాత చీటీ తీసేసి కొత్తది రాసింది.

"అల్లినది కూర్మమ్మ. మసి ఆమె కూతురు గురమ్మది."