నాన్చుడు మేస్త్రీ కళ్లజోడు

మెకానిక్ షెడ్డులో అందరూ ఆయన్ని నాన్చుడు మేస్త్రీ అంటారు. ఇంజను విప్పి, పైమూతలా ఉండే హెడ్డును బల్ల మీద పెట్టగానే ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట "నాననీ". హెడ్డుకీ ఇంజనుకీ మధ్య వేసిన పాత ప్యాకింగు అల్యూమినియాన్ని కరుచుకుని రాయిలా ఉంటుంది. దాన్ని మెత్తబరిచే మందు పూసి, తడిగుడ్డ కప్పి, స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎవరు తొందరపెట్టినా లేవడు.

ఆ తర్వాత చెక్కబద్ద. ఇనుప రేకు ముట్టడు. "ఇది మాట పడే లోహం కాదు. ఒక్క గీత పడిందా, జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది" అంటాడు. పొడి పడకుండా నూనె రంధ్రాల్లో గుడ్డముక్కలు కుక్కి, బద్దను దాదాపు పడుకోబెట్టి తోస్తాడు. పొర లేవకపోతే మళ్లీ మందు, మళ్లీ స్టూలు. చివరికి కళ్లజోడు సర్దుకుని, హెడ్డును వెలుగుకి వాల్చి చూస్తాడు. ఆ తర్వాత బొటనవేలి గోటిని ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తాడు. గోరు ఎక్కడా ఆగకపోతేనే "అయింది" అంటాడు.

ముప్పై ఏళ్లలో ఆయన చేతి హెడ్డు ఒక్కటీ తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు, ఉండేది అక్క ఇంటి వెనక గదిలో. ఆ మంచిపేరు తప్ప ఆయనకంటూ ఏమీ లేదు.

షెడ్డు అక్క మొగుడిది. కిందటి ఏడాది ఆ బావ డ్రిల్లుకి తగిలించే గరుకు చక్రం ఒకటి తెచ్చాడు. అది గిర్రున తిరిగితే ప్యాకింగు నిమిషంలో పొడై ఎగిరిపోతుంది.

"చూశావా బావమరిదీ? నువ్వు నానబెట్టేలోపు నేను నాలుగు హెడ్లు తోమేస్తా."

"తోమడానికి అదేమన్నా అంట్లగిన్నా బావా? ఆ గరుకు ఎక్కడ పడుతుందో చూసుకో."

"మెరుపు చూడవయ్యా! నీ హెడ్డు ముసలాడి బుగ్గ. నాది పెళ్లికొడుకు మొహం."

"పెళ్లికొడుకు మెరుపు ఎన్నాళ్లుంటుందో మా అక్కనడుగు."

అందరూ నవ్వారు, బావ కూడా. కానీ వచ్చేవాళ్లకి మెరుపే నచ్చింది.

ఒక వ్యాను డ్రైవరు తెచ్చిన బండి హెడ్డు మాత్రం మేస్త్రీ బల్ల మీదకే వచ్చింది. మందు పూసి, గుడ్డ కప్పి, భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి హెడ్డు తళతళలాడుతోంది. డ్రైవరు తొందరపెట్టాడని బావ చక్రం తిప్పేశాడట. ఇంజను మీద అంటుకుని ఉన్న సగం ప్యాకింగునీ అలాగే తోమేశాడు. రంధ్రాల్లో ఒక్క గుడ్డముక్క లేదు.

"కడిగావా బావా?"

"గాలి కొట్టాన్లే."

గాలి చాలదనే మాట మేస్త్రీ నోటిదాకా వచ్చింది. రేపు చెబుదామనుకున్నాడు. రేపటికి వ్యాను వెళ్లిపోయింది.

మూడో వారం దాన్ని తాడు కట్టి లాక్కొచ్చారు. వంతెన మీద ఇంజను బిగుసుకుపోయి ఆగిపోయిందట. ఇంజను అడుగునుండే నూనె చాంబరు విప్పితే నూనె బురదలా ఉంది, బేరింగులు చారలు చారలుగా అరిగిపోయాయి.

"ఎవరు చేశారండీ ఈ పని?" అన్నాడు డ్రైవరు.

బావ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ప్యాకింగు ముక్కలు నూనె దారిలో పడి ఉంటాయి. మా బావమరిదికి చూపు ఆనట్లేదు ఈమధ్య. విప్పి చూసి చెప్తా, ఓ గంటాగి రండి."

డ్రైవరు బయటికి వెళ్లాడు. మేస్త్రీ చాంబరు అడుగున మడ్డిని వేలితో తీసి, పెట్రోలులో కడిగాడు. సన్నటి పొడి మిగిలింది. కళ్లజోడు తీసి, ఆ పొడిని అద్దం మీద పెట్టి బొటనవేలితో రుద్దాడు. పాతకాలపు గాజు అద్దం. కర్రుమంది.

"బేరింగు మెత్తన, అల్యూమినియం మెత్తన, ప్యాకింగు ఇంకా మెత్తన" అంటూ అద్దాన్ని బావ ముందు పెట్టాడు. "గాజుని గీసేది ఇక్కడ ఒక్కటే ఉంది బావా. నీ చక్రం రాల్చిన గరుకు."

అద్దం మీద మూడు గీతలు తెల్లగా కనబడుతున్నాయి. బావ వంగి వాటిని చూశాడు. "కళ్లజోడు పాడు చేసుకున్నావు కదయ్యా" అన్నాడు.

డ్రైవరు తిరిగొచ్చే వేళకి అక్క అన్నం క్యారియరుతో గుమ్మంలో నిలబడి ఉంది. డ్రైవరు సూటిగా మేస్త్రీ ముందుకే వచ్చాడు.

"ఈ పని చేసింది మీరేనా పెద్దాయనా?"

బావ నేల చూస్తున్నాడు. మేస్త్రీ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది, అక్కడే నానింది. చేతిలో కళ్లజోడు అటూ ఇటూ తిప్పాడు.

"కనబడనప్పుడు మానేయాలి గదండీ" అన్నాడు డ్రైవరు. బావ వైపు తిరిగి, "ఈసారి మీరే చేయండి. ఈయన చేతికి ఇవ్వకండి" అన్నాడు.

"అలాగే" అన్నాడు బావ.

డ్రైవరు వెళ్లాక అక్క క్యారియరు విప్పకుండానే తమ్ముడి పక్కన కూర్చుంది.

"నువ్వు కాదని నాకు తెలుసురా. చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆ చక్రం తిరిగిన ఇంజన్లన్నీ వచ్చి గుమ్మం ముందు నిలబడతాయి అక్కా. నీ ఇల్లు ఏం కావాలి?"

"చెప్పకపోతే రావా?"

"వస్తాయి."

"అప్పుడు ఎవరి పేరు చెప్తాడ్రా మీ బావ?"

మేస్త్రీ క్యారియరు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన పని బోల్టులు కడగడం. చెక్కబద్దలు గోడమేకుకే ఉన్నాయి. బల్ల దగ్గర చక్రం కూస్తూ ఉంటుంది. ఆయన తీసిన ప్రతి బోల్టు మీదా మూడు గీతలు కనబడతాయి. ఇనుము మీద ఉన్నాయో అద్దం మీద ఉన్నాయో చూపుకి తెలియదు. బోల్టు తల మీద గోరు నడిపి చూస్తాడు. ఆగదు. బోల్టు పక్కన పెడతాడు.

"అద్దాలు మార్పించుకోరా" అని అక్క రోజూ అంటుంది.

"చూద్దాంలే అక్కా" అంటాడు.