మషబ్‌కు గ్యాసు మంట

హాయిల్ అనే ఊళ్లో చలి ఎముకలు కొరుకుతుంది. సౌదీ అంటే ఎండా ఇసుకే అనుకుని ఒక్క పల్చటి దుప్పటితో దిగినవాణ్ణి నేను. మొదటి జనవరిలోనే నా తెలివి నాకు తెలిసివచ్చింది. మాది కడప జిల్లా. దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఏసీల పని, గ్యాసు లైన్ల పని నేర్చుకుని రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడికి పోయాను.

నా కఫీల్, అంటే వీసా ఇచ్చి రప్పించుకుని నా పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్న పెద్దమనిషి, ఏసీలు, హీటర్లు బాగుచేసే దుకాణం నడిపేవాడు. అక్కడ నాలుగేళ్లు చేశాక ధహ్రాన్‌లో ఒక కాంట్రాక్టరు నాకు పని ఇస్తానన్నాడు. ఫ్యామిలీ స్టేటస్ ఉన్న పని. భార్యనూ పాపనూ తెచ్చుకోవచ్చు. నేను వచ్చేటప్పుడు పాకుతున్న పిల్ల అప్పటికి బడికి పోతోంది, ఫోనులో నన్ను మీరు అంటోంది. కావలసింది ఒకే ఒక్క కాగితం, తనాజుల్. ఈ మనిషిని వదులుకుంటున్నానని కఫీల్ సంతకం పెట్టి ఇచ్చేది. నెలాఖరులోగా తెస్తేనే పని నీది అన్నాడు కాంట్రాక్టరు.

కఫీల్‌ను అడిగితే కాదనలేదు. "మా నాన్న మషబ్ సంగతి తేల్చు. సంతకం పెడతాను" అన్నాడు.

అతిథులను కూర్చోబెట్టే పెద్ద గదిలో గోడకు కట్టిన పొయ్యిని మషబ్ అంటారు. పైన పొగగొట్టం, పక్కన రాతి అరల్లో ఇత్తడి కాఫీ పాత్రలు. చలికాలమంతా అందులో కట్టెలు కాలుతూనే ఉంటాయి. ముసలాయనకు ఆ పొగతో దగ్గు ముదిరింది. కట్టెల మంట దగ్గర కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఆ పొయ్యిలోపల ఇమిడే గ్యాసు మంటను కొందామని కొడుకు రియాద్ నుంచి ఒక కేటలాగు తెప్పించాడు.

అందులో ఉన్నవి మూడు రకాలు. మొదటిదానికి పొగగొట్టమే అక్కర్లేదు. బొమ్మలో మంట నడుమెత్తు ఉంది. కఫీల్ కళ్ళు దాని మీదే. ఇరవై మంది కిటికీలు మూసుకుని కూర్చునే గదిలో అది గాలి మొత్తం తినేస్తుందనీ, దగ్గు సంగతి తర్వాత, అసలు మనుషులే పడిపోతారనీ చెప్పి మాన్పించాను. రెండోది పైకి తెరిచి ఉండే మంట. మట్టితో చేసిన దొంగ కట్టెలు పేర్చి ఉంటాయి గానీ వేడి సగానికి సగం గొట్టంలోంచి పోతుంది. మూడోదానికి ముందు మందపాటి అద్దం బిగించి ఉంటుంది. కావలసిన గాలి బయటినుంచే తీసుకుంటుంది, చెడ్డగాలి బయటికే పంపిస్తుంది. ముసలాయన ఊపిరితిత్తులకు ఇంతకంటే మంచిది లేదని నేనే ఎంచాను. గొట్టం కొలతలు మూడుసార్లు తీసుకున్నాను. మంట ఆరితే గ్యాసు తనంతట తానే ఆగే వాల్వు ఉందో లేదో ఫోను చేసి కనుక్కున్నాను. బిగించిన రోజు సబ్బునీళ్ళు పూసి ప్రతి జాయింటూ చూశాను. గది వెచ్చబడింది, పొగ లేదు, వాసన లేదు. నన్ను మించినవాడు లేడనుకున్నాను.

మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముసలాయన స్నేహితులు వచ్చారు. నేను మూలన నిలబడి ఉన్నాను, మెచ్చుకోలు వినడానికి. ముసలాయన అరలోంచి దల్లా, అంటే ముక్కున్న కాఫీ పాత్ర, తీసుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. అద్దం వంక చూశాడు. చేత్తో తడిమి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దల్లా పెట్టుకోవడానికి చోటు లేదు. కాసేపటికి లోపలినుంచి పనిమనిషి ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. అందరూ ఒక్కో గుక్క తాగి తొందరగానే లేచిపోయారు.

అక్కడ ఇంటిపెద్ద వచ్చినవాళ్ళ కళ్ళెదుట నిప్పుల మీద కాఫీ కాచి తన చేత్తో పోయాలి. మషబ్ ఉన్నది అందుకు. వెచ్చదనం దాని తర్వాతి సంగతి. నాలుగేళ్లు ఆ ఊళ్లో ఉండి నాకు ఇది తెలియదంటే ఎవరూ నమ్మరు. కానీ నేను ఆ గదిలో ఏసీలు విప్పినవాణ్ణే గాని కూర్చున్నవాణ్ణి కాను. నా కాఫీ ఎప్పుడూ వెనక గుమ్మం దగ్గర, ఫ్లాస్కులోంచే. పైగా మా ఇళ్లలో పొయ్యి అంటే వంటింటిది. వచ్చినవాళ్ళకు దాన్ని చూపించం. ముందుగదిలో మంట ఉంటే అది చలికే అనుకున్నాను.

కఫీల్ ముఖం మాడిపోయింది. "నాలుగేళ్లు తిండి పెట్టాను. నీకు పని రాదు. రేపే కాగితం తీసుకుని ధహ్రాన్ పో. అక్కడ వాళ్ళను చెడగొట్టు" అన్నాడు.

నాకు కావలసింది అదే. నోరు మూసుకుని తల వంచుకుని సలాం చెప్పి వచ్చేయాలి. కానీ పని రాదన్న ఆ ఒక్క మాట నా ఒంటికి కారం రాసినట్టయింది. "మూడు రోజులు ఇవ్వండి. సరి చేసే పోతాను" అన్నాను.

మా రూములో రాయచోటి డ్రైవరు ఒకాయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. విని తల పట్టుకున్నాడు. "ఒరే, పొమ్మన్న్యాడు గదరా. సంతకం పెట్టించుకోని పోవల్ల గానీ, మళ్ల సరిచేస్తాననేదేంది? వానింట్లో కాఫీ కాగితే నీకేం, కాగకుంటే నీకేం?"

"నాకు పని రాదన్న్యాడన్నా" అన్నాను.

"అననీలేరా" అన్నాడు ఆయన. నేను వినలేదు.

అద్దం పెట్టె ఊడబీకాను. దాన్ని అమ్మిన రియాద్ దుకాణంవాడితో పోట్లాడి తెరిచి ఉండే రకానికి మార్పించాను. పొగగొట్టం తోమించి, పైన గాలి లాగే ఫ్యాను పెట్టాను. కేటలాగులో లేనిది ఒకటి నా బుర్రలోంచి తీశాను. మంట ముందు ఒక ఇనుప పళ్ళెం, దాని కింద విడిగా ఒక చిన్న బర్నరు, పళ్ళెంలో జల్లించిన ఇసుక. ఇసుక కాగితే దల్లాను అందులో గుచ్చి నిలబెట్టవచ్చు, బూడిదలో నిలబెట్టినట్టే. కాఫీ నిదానంగా కాగుతుంది, పొంగదు. మూడో రోజు ముసలాయన దల్లాను ఇసుకలో పెట్టి, చెవి దగ్గరగా వంచి కాగే చప్పుడు విన్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మొదటి కప్పు నాకే పోశాడు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది నాకు. అంత సంతోషం మళ్ళీ ఎరగను, ఆ సంతోషం మీద ఉన్నంత కోపం కూడా దేని మీదా లేదు.

వారం తిరిగాక కాగితం కోసం వెళ్ళాను. కఫీల్ నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఇట్లాంటి చెయ్యి ఉన్నవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా? అప్పుడే నలుగురు అడిగారు, మా ఇళ్లకూ చేయించమని. ఇక నీకు ఏసీల పని లేదు, మషబ్‌లే."

మాట ఇచ్చారు కదా అన్నాను. పని రానివాడికి ఇచ్చిన మాట అది అన్నాడు. నెలాఖరు వచ్చింది, పోయింది. ధహ్రాన్‌లో ఆ పనికి ఇంకెవరో చేరారు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి ఫోను చేసి, జరిగింది దాచకుండా మొత్తం చెప్పాను.

"పొమ్మన్న్యాడంటివి గదా. మళ్ల ఎందుకు నిలిచిపోతివి?" అంది నా భార్య.

"నాకు పని రాదన్న్యాడు."

"వాడు అనుకుంటే అనుకోనీ. నీకు పనొస్తాదని మాకు తెలీదా?"

ఆ తర్వాత హాయిల్లో ఇంకో ఐదు చలికాలాలు మషబ్‌లు చేశాను. ఒక్కటి చెడగొట్టినా కఫీల్ నన్ను వదిలేసేవాడేమో. ఒక్కటీ చెడగొట్టలేకపోయాను.