చిన్నగా వినాల్సిన సంగీతం

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు” అన్నాడు డాక్టరు. మా పిల్లకు ఫిట్స్ మొదలైన దగ్గర్నుంచి నేను అన్నిటికంటే ఎక్కువ విన్న మాట అదే. గోలీ మార్చినప్పుడూ అదే మాట, తల స్కానింగ్ తీయించినప్పుడూ అదే మాట. ఈసారి సంగీతం గురించి. రోజూ కాసేపు మెత్తటి పియానో వింటే కొందరు పిల్లల్లో ఫిట్స్ తగ్గినట్టు కనిపించిందట. అందరికీ తగ్గుతాయని మాత్రం చెప్పలేమట. గోలీలు ఒక్క పూట కూడా ఆపకుండా, సౌండ్ చిన్నగా పెట్టి, పిల్లను ప్రశాంతంగా కూర్చోబెట్టి చూడమన్నాడు.

ప్రశాంతంగానట, మేముండే ఈ భేస్తాన్‌లో! మా ఇంటి గోడకు ఆనుకుని సాంచెల కార్ఖానా ఉంది. మరమగ్గాలను మేము సాంచెలంటాం. అవి నడుస్తుంటే గూట్లో గిన్నెలు కూడా వణుకుతాయి. ఆ సంగతి చెబితే డాక్టరు ఇయర్‌ఫోన్లు కొనమన్నాడు. కొన్నాం.

ఇంట్లో రెండో తలనొప్పి మా అత్త. ఆ టింగుటింగు ఏందని, పెడితే దేవుడి పాటలు పెట్టమని ఒకటే పోరు. అంతటితో ఊరుకుందా? పాటలతోనే పోయే రోగమైతే ఆ వేడి గోలీలు పిల్లతో ఎందుకు మింగిస్తున్నావని మొదలుపెట్టింది. ఆమెకు నచ్చజెప్పలేక నా ప్రాణం విసిగిపోయింది. చివరికి ఆమె చేతికి అందకుండా గోలీల డబ్బా నా సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాను.

లేసు కుట్టిన చీరలు అప్పగించడానికి నేను పొద్దున్నే బయటికి పోవాలి. మా ఆయన సాంచెల మీద రాత్రి డ్యూటీ దిగి అదే వేళకు ఇల్లు చేరుతాడు. అందుకని పాట వినిపించే పని ఆయనకు అప్పజెప్పాను. పిల్ల ఒక్కతే కూర్చోనంది. ‘నువ్వు గూడ ఇను బాపూ’ అని ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆయన చెవిలో పెట్టింది. ఆ తీగ పొడుగు ఎంతని? ఇద్దరూ భుజాలు ఆనించుకుని గోడకు కూర్చునేవాళ్ళు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఫిట్స్ కాస్త ఎడంగా వస్తున్నట్టు అనిపించింది. అది పాట వల్లనో, కొత్త గోలీ వల్లనో దేవుడికి తెలియాలి. ఏదైతేనేం, పదకొండేళ్ళ పిల్ల ఏ బెంగా లేకుండా కూర్చునేది రోజు మొత్తంలో ఆ కాసేపే.

ఆ తర్వాత పిల్లకు తలనొప్పి మొదలైంది. నాకు భయం పట్టుకుంది. ఫిట్స్ వచ్చే ముందు కూడా తను అలాగే తల పట్టుకునేది. ఒకరోజు చీరలిచ్చి వచ్చేసరికి గడపలో ఉన్న నాకే ఆ పియానో వినిపిస్తోంది, అదీ సాంచెల మోత మధ్య. పిల్ల చెవిలోంచి ఊడబీకి చూస్తే సౌండ్ పూర్తిగా పెట్టి ఉంది. మా ఆయన మీద నోరు పారేసుకున్నాను. తాను ఫోన్ ముట్టనే లేదన్నాడు. తగ్గించి పెట్టాను. మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. డాక్టరు చెప్పిన ఒక్క ముక్క నెత్తికెక్కని మనిషితో ఎట్లా వేగాలి? ఇక పాటా వద్దు, ఏమీ వద్దని ఫోన్ లాక్కున్నాను.

మా ఆయన స్నానానికి లేచిపోయాక పిల్ల నా కొంగు పట్టుకుంది.

“బాపును అనకమ్మా. నేనే పెంచుతున్న.”

“నీకేమైందే? తల నొస్తుందని నువ్వే అంటివి గద?”

“చిన్నగ వెడితే బాపుకు ఇనవడ్తలేదు. నడిమిట్ల మెల్లగ వాయిస్తరు గద, గప్పుడు పాట అయిపోయిందా బిడ్డా అని అడుగుతడు.”

ఏళ్ళ తరబడి ఆయనతో ఎన్ని గొడవలు పెట్టుకున్నాను! పిలిస్తే పలకడని, ఫోన్‌లో అరుస్తాడని, టీవీ మోత పెడతాడని. మా గల్లీలో సాంచెలు నడిపే మగవాళ్ళంతా అలాగే అరుస్తారు కాబట్టి, అది మగవాళ్ళ పొగరనుకున్నాను. డ్యూటీలో చెవుల్లో దూది పెట్టుకోమంటే నవ్వేసేవాడు. ఇప్పుడు ఎవరి మీద అరవాలో తెలియలేదు. కార్ఖానా సేటు మీద అరవాలా, సాంచెల మీద అరవాలా? తల నొప్పెడుతున్నా నోరు విప్పని నా పిల్ల మీద అరవాలా?

ఆయన బయటికి రాగానే అడిగేశాను. నాకేమైంది, మంచిగనే ఇనవడ్తదని మండిపడ్డాడు. మర్నాడు ఫోన్ పిల్లకు తిరిగిచ్చాను, కానీ పాట వేళకు ఆయన చాయ్ తాగొస్తానని వెళ్ళిపోయాడు. పిల్ల రెండు చెవుల్లోనూ పెట్టుకుని గోడకు ఒక్కతే కూర్చుంది. కాసేపటికే తీసేసి చాప మీద పడేసింది. బాపు లేకుంటే విననంది. ఇదెక్కడి పంతమే తల్లీ అని నెత్తి బాదుకున్నాను. ఆ మర్నాడూ విననే లేదు. ఆ మధ్యాహ్నం ఫిట్స్ వచ్చింది. పాట వినకపోవడం వల్లే వచ్చిందని నేననను, ఆ డాక్టరూ అనడు. కానీ మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

మర్నాడు పిలవకుండానే వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్ తానే తీసి చెవిలో పెట్టుకున్నాడు. సౌండ్ నేనే తగ్గించాను, ఆయన చూస్తుండగానే. అప్పట్నుంచి పిల్లకు తలనొప్పి లేదు. పాట అయిపోయిందా అని ఆయన అడగడమూ లేదు.

మొన్న నాకు చీరలిచ్చే సేటుతో పెద్ద పేచీ అయింది. కుట్టు వంకర పోయిందని సగం చీరలు తిప్పి పంపాడు. ఆ ఎండలో రెండు ఆటోలు మారి, అందరినీ తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. తలుపు తీస్తే పిల్ల మా ఆయన భుజం మీద తల వాల్చేసి ఉంది. సంచి అక్కడే పడేసి దగ్గరికి పోయి ఊపిరి చూశాను, చేతులు చూశాను. మామూలు నిద్రే. గోలీ మత్తుకు నిద్రపోయింది.

ఫోన్ చాప మీద ఉంది. పాట ఎప్పుడో ముగిసింది, తెర కూడా నల్లబడిపోయింది. మా ఆయన మాత్రం తీగ చెవిలో పెట్టుకుని, బిడ్డ తల కదలకుండా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపాడు. సాంచెల మోతలో మాట్లాడుకునేటప్పుడు చేసే సైగతో, పాట ఇంకా నడుస్తోంది, ఆగమన్నాడు.

ఆగాను. తిప్పి పంపిన చీరలు పక్కన పెట్టి, ఆయన లేచేదాకా ఎదురుగా కూర్చున్నాను.