వర్లిన్ గేటు

రోత్‌ఫెల్డ్ ఊళ్ళో ఎవరైనా గేటు వేయడం మరిచిపోతే దాన్ని వర్లిన్ గేటు అంటారు. "ఎవర్రా వర్లిన్ గేటు పెట్టి వచ్చింది?" అని తండ్రి కేకేస్తే పిల్లలు తిన్నది తిన్నట్టే వదిలి దొడ్డివైపు పరిగెడతారు. ఆ పిల్లల్లో సగం మందికి వర్లిన్ అనే మనిషి నిజంగా ఉన్నాడనీ, రోజూ పొద్దున ఆరున్నరకి మెయిన్ వీధి హోటల్లో కాఫీ తాగుతాడనీ తెలీదు. పశువుల మీద బతికే పడమటి కాన్సస్‌లో గేటు తెరిచి పోవడాన్ని మించిన తప్పు లేదు. దొంగతనాన్నైనా క్షమిస్తారు గానీ దీన్ని క్షమించరు.

చిత్రమేమిటంటే, వర్లిన్ డ్రైలింగ్ పుట్టి బుద్ధెరిగి ఒక్క గేటు కూడా తెరిచి వదల్లేదు. అతను వదిలింది బంతి చేతపట్టి పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ మైదానంలో ఒక అంచు.

అది వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై నాలుగు నవంబరు. వర్లిన్‌కి ఇరవై రెండేళ్ళు. సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీ జట్టు డిఫెన్స్ వరుసలో చిట్టచివర నిలబడి, ఆ అంచు మీదుగా ఎవర్నీ పోనివ్వకుండా కాసేవాడు. ఆఖరి ఆట, ఆఖరి నిమిషం, తమ జట్టుదే పైచేయి. ఎదుటి జట్టులో బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్, పక్కనున్న పరుగుగాడి పొట్టలోకి బంతి పెట్టాడు. వర్లిన్‌ని అడ్డుకోవడానికి మాత్రం ఒక్కడూ రాలేదు. ముందంతా బోసిగా ఉంది. నన్ను చూసి జడిశారు కాబోలు అనుకుని లోపలికి దూకి, ఆ పరుగుగాణ్ణి నడుం పట్టి నేలకేసి కొట్టాడు. తీరా లేచి చూస్తే వాడి చేతుల్లో బంతి లేదు. పెట్టినట్టే పెట్టి వెనక్కి లాక్కున్న క్వార్టర్‌బ్యాక్, వర్లిన్ ఖాళీ చేసిన అంచు మీదుగా అరవై గజాలు తాపీగా పరిగెత్తి ఆట గెలిచేశాడు.

ఆ సాయంత్రం హోటల్లో ఎల్డన్ బీకర్ అనే పశువుల ఆసామి, నోట్లో రొట్టె నములుతూనే, "ఏముందయ్యా, వర్లిన్ గేటు తీసి పెట్టాడు" అన్నాడు. అంతే. కొన్ని మాటలకి కాళ్ళుంటాయి. అది మర్నాటికి చర్చికి వెళ్ళింది, వారానికి పక్క జిల్లా చేరింది. ఆనాటి నుంచీ వర్లిన్ హోటల్లో అడుగుపెడితే చాలు, మూల బల్ల దగ్గర్నుంచి ఎల్డన్ "తలుపు, వర్లిన్" అంటాడు. తలుపు వేసినా అంటాడు, వేయకపోయినా అంటాడు.

ఇంకొకడైతే ఊరు వదిలి పోయేవాడు. వర్లిన్ అదే కాలేజీలో అంచు ఆటగాళ్ళకి కోచ్‌గా చేరాడు. పెద్ద కాలేజీల వాళ్ళు రెండుసార్లు పిలిచినా కదల్లేదు. ఏటా కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని కూర్చోబెట్టి ఆ పాత ఆట ఫిల్ము తనే వేసి చూపిస్తాడు. "ఇదిగో, ఈ వెధవ నేనే. నా పేరు మీద ఊళ్ళో ఒక తప్పుంది. రెండోది మీరు పెట్టకండి" అంటాడు. తర్వాత తన చదువంతా ఒక్క ముక్కలో చెబుతాడు: "నిన్ను ఎవడూ అడ్డుకోవడం లేదంటే నువ్వు గొప్పోడివని కాదు. గేటు నీ చేతిలో పెట్టి నీ బుద్ధి ఎంతో చూస్తున్నారని." 

పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మనకో సామెత ఉంది. ఆ సామెత వినకుండానే దాన్ని అమలు చేసిన మనిషి వర్లిన్. పరుగు మీద బతికే క్వార్టర్‌బ్యాక్‌ని తరమకూడదు. వాడు ఎటు పోవాలనుకుంటాడో అక్కడ ముందే నిలబడాలి. తరిమేవాడికి చప్పట్లు వస్తాయి, నిలబడేవాడికి ఏమీ రాదు. కుర్రాళ్ళకి ఈ ముక్క ఎక్కించడమే కష్టం.

ముప్పై మూడేళ్ళు గడిచాయి. ఆ ఏడు కొత్త హెడ్ కోచ్ వచ్చాడు, పేరు ట్రెంట్ హాల్వర్సన్, వయసు ముప్పై నాలుగు. మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ ఓ పటం గీస్తాడు. ఆఖరి ఆట హార్లన్ వ్యాలీ కాలేజీతో. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జావియన్ ప్రూయిట్ ఆ సీజన్లో బంతి విసిరి ఎన్ని గజాలు తెచ్చాడో, కాళ్ళతో కూడా దాదాపు అన్నే తెచ్చాడు. సోమవారం పొద్దున మీటింగులో ట్రెంట్ పటం తెరిచాడు.

"వాడి వెనక ఒక వేగులవాణ్ణి పెడదాం. వాడెటు పోతే అటు వీడు. మిగతా అందరూ మీద పడిపోవడమే" అన్నాడు.

"వేగు ఒక్కడేగా. వాడు కాలు జారితే?" అన్నాడు వర్లిన్. "నలుగురం నాలుగు గుంజల్లా నిలబడి దొడ్డి కడదాం. లోపల ఎన్ని గంతులేస్తాడో వేయనీ. ఆఖరికి విసరాల్సిందే, విసరడం వాడికి అంత బాగా రాదు."

"వర్లిన్, కిందటేడు, ముందటేడు, అంతకు ముందూ మనం ఓడింది అంచు మీదే."

"గుంజలు కదిలాయి కాబట్టి."

ట్రెంట్ పెన్ను మూత పెట్టాడు. "సరే. ఈ శనివారం మీ దొడ్డే కట్టండి. మళ్ళీ అంచు మీదే ఓడామా, వచ్చే ఏడు అంచువాళ్ళని ఇంకొకరికి అప్పగిస్తాను. మీకు ఆఫీసులో ఏదో ఒకటి చూస్తాను."

కోపంగా అని ఉంటే వర్లిన్ కూడా నాలుగు అనేవాడు. మర్యాదగా అన్నాడు, అందుకే గుండెలో గుచ్చుకుంది. అయినా ఆటంటే అతనికి భయం కలగలేదు. భయపడింది ఒక్కడి గురించే, ఆమోస్ టిల్మన్ గురించి.

ఆమోస్ లూసియానా కుర్రాడు, కుడి అంచు, కాలేజీలో ఆఖరి ఏడు. క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో సహా, ఆట మొదలైన గీత వెనకే పడేస్తే దాన్ని సాక్ అంటారు. ఆమోస్ ఇప్పటికి ఇరవై ఆరు సాక్‌లు చేశాడు. కాలేజీ రికార్డూ అంతే. ఇంకొక్కటి చేస్తే జిమ్ గోడ మీద అతని పేరు రాస్తారు. మార్చిలో తల్లి బస్సెక్కి వచ్చి ఆ గోడ ముందు ఫొటో దిగుతానంది. పద్దెనిమిది గంటల ప్రయాణం. కుర్రాడు ఆ ఒక్కటి కోసం గేటేమిటి, దొడ్డంతా వదిలేసేలా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం వర్లిన్ అతన్ని ట్రక్కెక్కించుకుని తిన్నగా ఎల్డన్ బీకర్ పశువుల దొడ్డికి తీసుకుపోయాడు. ఎల్డన్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి, నోరు మాత్రం అరగలేదు.

"ఓరి నాయనో, వర్లిన్ నా గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరన్నా షెరీఫ్‌కి ఫోన్ చేయండి" అన్నాడు.

"ఇవాళ గేటు దగ్గర నిలబడేది నేను కాదులే. వీడు" అన్నాడు వర్లిన్.

"ఏం బాబూ, నీకేం శిక్ష పడింది?"

"తెలీదండి. కోచ్ చెప్పలేదు" అన్నాడు ఆమోస్, బూట్ల కింద పేడ చూసుకుంటూ.

పని చిన్నదే. మందలోంచి ఎల్డన్ ఆవుల్ని ఒక్కొక్కటిగా తోలుతాడు. ఆమోస్ తెరిచిన గేటు నోట్లో నిలబడి ఎర్రవాటిని పోనివ్వాలి, నల్లవాటిని ఆపాలి. మొదటి నల్లపెయ్య తల ఎడమకి ఊపింది. ఆమోస్ ఎడమకి దూకాడు. అది కుడివైపు నుంచి తోకెత్తుకుని వెళ్ళిపోయింది. రెండోది కూడా అలాగే పోయింది. మూడోదాన్ని పట్టుకుందామని ముందుకు ఉరికి పేడలో బోర్లా పడ్డాడు.

ఎల్డన్ కంచె పట్టుకుని నవ్వాడు. "వర్లిన్, నీకు వారసుడు దొరికాడయ్యా."

"దాని తల చూస్తున్నావ్. తల అబద్ధమాడుతుంది" అన్నాడు వర్లిన్. "డొక్క చూడు. డొక్క ఎటు తిరిగితే ఆవు అటే పోతుంది. క్వార్టర్‌బ్యాక్ అయినా అంతే. కళ్ళు, చేతులు, భుజాలు అన్నీ బొంకుతాయి. నడుం బొంకదు."

"పట్టుకోవద్దా కోచ్?"

"నువ్వు పట్టుకోడానికి లేవు. అది పోకుండా ఉండటానికి ఉన్నావ్."

గంట గడిచేసరికి ఆమోస్ మోకాళ్ళు వంచి, చేతులు ఊరికే వేలాడేసి, అడుగు అటు అడుగు ఇటు వేస్తూ నిలబడ్డాడు. నల్లపెయ్యలు వచ్చి, చూసి, విసుగెత్తి వెనక్కి మళ్ళాయి. ఎల్డన్ ఆ గంటలో మెచ్చుకోలు మాట ఒక్కటీ అనలేదు. కానీ ఇంట్లోంచి క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన బీరక్ రొట్టెలు తెచ్చి పెట్టాడు.

శనివారం గాలి ఈడ్చి కొడుతోంది. నాలుగు పావుల ఆటలో రెండో పావులోనే ఆమోస్‌కి పాత బుద్ధి పుట్టింది. జావియన్ బంతి పెట్టినట్టు పెట్టాడు, ఆమోస్ లోపలికి దూకాడు, జావియన్ అంచు మీదుగా నలభై గజాలు పరిగెత్తి పాయింట్లు కొట్టాడు. ట్రెంట్ తలతిప్పి వర్లిన్ వైపు చూశాడు. ఆమోస్ తల వంచుకుని పక్కకి వచ్చాడు.

"పెయ్య ఎటు పోయింది?" అని అడిగాడు వర్లిన్.

"రోడ్డు మీదికండి."

"సరే. మిగతా మంద ఇంకా దొడ్లోనే ఉంది. పో."

ఆ తర్వాత రెండు పావులూ ఆమోస్ కదల్లేదు. జావియన్ అటు వస్తే గేటు మూసి ఉంది, ఇటు వస్తే మూసి ఉంది. లోపలే తిరిగి తిరిగి, విసరలేక విసిరి, చెమటలు కక్కాడు. వర్లిన్ చేతులు కట్టుకుని చూశాడు. అతనికి ఆ ముప్పై మూడేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఆఖరికి మళ్ళీ అదే చోటికి వచ్చింది ఆట. ఇరవై ఒకటికి పదిహేడు, సెయింట్ ఆల్డ్రిక్‌ది పైచేయి. హార్లన్ వ్యాలీకి గెలుపు గీత దాటడానికి ఎనిమిది గజాలు కావాలి, బంతి ఇంకొక్కసారి కదిలేంత సమయమే ఉంది. ట్రెంట్ ఆట కాసేపు ఆపమని టైమౌట్ అడిగాడు. ఆమోస్ పరుగున వచ్చి వర్లిన్ చెవి దగ్గర చెప్పాడు.

"కోచ్, ఈ ఒక్కసారికి నన్ను వదలండి. వాడు అలిసిపోయాడు. పట్టేస్తాను. ఆటా మనదే, గోడా మనదే."

వర్లిన్ కుర్రాడి కళ్ళలోకి చూశాడు. ఆ పేరు గోడ మీద చూడాలని తనకీ ఉంది, మనసారా ఉంది. "పట్టేస్తావు. పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టేస్తావు" అన్నాడు. "ఆ పదోసారి ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. నీ బదులు నేను వెళ్ళి నిలబడలేను. నీ చేతిలో ఉంది."

బంతి కదిలింది. ఆమోస్‌ని ఎవరూ అడ్డుకోలేదు. ముందంతా బోసిగా ఉంది. జావియన్ పరుగుగాడి పొట్టలోకి బంతి పెట్టి, లాక్కుని, ఆమోస్‌కి వీపు చూపిస్తూ తిరిగాడు. రెండడుగుల దూరం. స్టేడియంలో ప్రతివాడికీ ఆ వీపు కనిపించింది. ఆమోస్ మోకాళ్ళు వంచి, చేతులు ఊరికే వేలాడేసి, నిలబడ్డాడు.

జావియన్ గిర్రున అంచు వైపు తిరిగాడు. ఆమోస్ దూకి ఉంటే ఆ తిరుగుడుకి గాలిని కౌగిలించుకునేవాడే. ఉన్నచోటే ఉన్నాడు. జావియన్‌కి ఎదురుగా మూసిన గేటు కనిపించింది. ఒక్క క్షణం ఆగి, వేరే దారి లేక లోపలికి మళ్ళాడు. లోపల ఆరుగురు కాచుకుని ఉన్నారు. గీతకి రెండు గజాల ముందు వాణ్ణి నేలకి దించారు. ఆట అయిపోయింది.

ట్రెంట్ వచ్చి వర్లిన్ చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు అంచులు మీవే" అన్నాడు. "పటంలో గుంజలు కూడా గీస్తాను." వర్లిన్‌కి కళ్ళు తడి అయ్యాయి, గాలికని చెప్పాడు. లెక్కల కాగితంలో ఆమోస్ టిల్మన్ పేరుకి ఎదురుగా సాక్‌లు సున్నా, ఆఖరి ఆటలో పట్టివేతలు సున్నా. మర్నాటి పేపర్లో అతని పేరే లేదు.

ఆదివారం చర్చి అయ్యాక వర్లిన్ ఆమోస్‌ని హోటల్‌కి తీసుకొచ్చాడు. కుర్రాడు దారిలో ఒక్కటే మాట అన్నాడు. "గెలిచాం, సంతోషమే కోచ్. అమ్మకి గోడ గురించి ఏం చెప్పాలో తెలీడం లేదు."

లోపల చిలీ అనే కారం మాంసం కూర గిన్నెలు, దాల్చినచెక్క రొట్టెలు, ఊరి జనం. వర్లిన్ ముందు నడిచాడు. మూల బల్ల దగ్గర ఎల్డన్ అలవాటుగా నోరు తెరిచి, "తలుపు, వర్..." అనబోయి ఆగాడు. వెనక వచ్చిన ఆమోస్ తలుపు నెట్టి, గొళ్ళెం పడిందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు.

"వేశావా బాబూ?" అన్నాడు ఎల్డన్.

"వేశానండి."

"నిన్న కూడా వేశావు. నేను చూశాను." ఎల్డన్ హోటలంతా వినపడేలా గొంతు పెంచాడు. "ఇన్నేళ్ళూ తెరిచిన గేటుకే పేరుండేది, వేసిన గేటుకి లేదు. ఇక నుంచీ గొళ్ళెం దాకా వేసిందాన్ని ఆమోస్ గేటు అంటాను. మీరూ అనండి."

పక్క బల్ల మీది రైతు తన కూతురితో, "విన్నావా, సాయంత్రం దొడ్డికి ఆమోస్ గేటు పెట్టి రా" అన్నాడు. ఆ పిల్ల తలూపింది. మాటకి అప్పుడే కాళ్ళొచ్చాయి.

ఆమోస్ ఏం చెయ్యాలో తెలీక కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. వర్లిన్ అతని పక్కన కూర్చుని రొట్టె తుంచాడు.

"మీ అమ్మకి ఇదే చెప్పు" అన్నాడు. "గోడకి ఎప్పుడో ఒకప్పుడు రంగేస్తారు, పేరు పోతుంది. ఎల్డన్ నోట్లో పడ్డ పేరు పోదు. ముప్పై మూడేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను."