ఇసుక మీద కాలు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నర్సింగ్ చదివే రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. శనివారం సాయంత్రాలు మా తెలుగువాళ్ళం ఒక అంకుల్ గారింట్లో ప్రార్థనకు చేరేవాళ్ళం. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి విన్నపం చెప్పుకోవడం, అందరూ మోకరించడం అలవాటు. విన్నపాల్లో సగం వీసాలే. ఒకరికి ఇంగ్లిష్ పరీక్షలో స్కోరు రావాలి, ఇంకొకరికి పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, రావాలి. రూల్ మారి మనవాళ్ళకు పాయింట్లు చాలకపోతే ఆ రూల్‌నే మార్చమని దేవుణ్ణి అడిగేవాళ్ళం. అందులో ఎవరికీ తప్పు కనిపించేది కాదు.

నాతో గదిలో ఉండే క్లాస్‌మేట్‌ది క్యూబా. 2017 జనవరిలో వాళ్ళన్న స్నేహితులతో కలిసి సొంతంగా కట్టుకున్న పడవలో అమెరికాకు బయలుదేరాడు. అప్పటి రూల్ ఆమే నాకు చెప్పింది. క్యూబావాళ్ళు సముద్రంలో దొరికితే వెనక్కి పంపేస్తారు, ఒడ్డున కాలు పెడితే ఉండనిస్తారు. మునిగిపోకుండా వస్తే చూద్దాంలే అనే చట్టమన్నమాట! వింటుంటే ఒళ్ళు మండింది. ఆమె మాత్రం ఫోన్ చేతిలోంచి దించకుండా, తిండి ముట్టకుండా కూర్చుంది.

ఆ శనివారం హోరువానలో వెళ్ళి, వాళ్ళన్న కోసం ప్రార్థన చేయమని అడిగాను. అంకుల్ ఇబ్బందిగా కదిలారు.

"అలా బోట్లెక్కి వచ్చేవాళ్ళకి మనం ప్రేయర్ చేస్తే ఎలాగమ్మా? ఇక్కడ మాత్రం, బోట్లని వెనక్కి తిప్పేయట్లేదూ? మనం చూడు, క్యూలో వచ్చాం."

"వాళ్ళకి ఆ రూలే క్యూ, అంకుల్. ఒడ్డుకొస్తే ఉండనిస్తామంది అమెరికా గవర్నమెంటే కదా!"

"పెద్దవాళ్ళతో ఆ ఆర్గ్యుమెంట్ ఏంటమ్మా?" అన్నారు ఆంటీ. అంకుల్ తర్వాతివాళ్ళను లేవమన్నారు. ఆ రోజు అక్కడ బిర్యానీ ముట్టకుండా వచ్చేశాను.

ఆ వారంలోనే కబురు వచ్చింది. వాళ్ళన్న ఒడ్డు చేరాడు. ఇసుక మీద కాలు పెట్టి, చేతులెత్తి కేకలు కూడా వేశాడట. పోలీసులొచ్చి, ఆ రూల్ రద్దయిందని చెప్పారు. వీళ్ళు సముద్రంలో ఉండగానే రద్దయింది. అక్కణ్ణుంచే డిటెన్షన్‌కు తీసుకెళ్ళారు. అన్న బతికున్నాడని నా స్నేహితురాలు నవ్వింది, అంతలోనే వెక్కివెక్కి ఏడ్చింది. "వెనక్కి పంపితే మళ్ళీ పడవ కడతాడు, మా అన్న సంగతి నాకు తెలుసు" అంది ఏడుస్తూనే.

తర్వాతి శనివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. పాటలవగానే అందరికంటే ముందు లేచాను.

"అంకుల్, అతను వాళ్ళు చెప్పిన దారిలోనే వచ్చాడు. మధ్యలో ఉండగా ఆ దారి మూసేశారు. రేపు మన పీఆర్‌కి ఇలాగే చేస్తే ఏం చేస్తాం?"

ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఆమె పక్కన మోకరించి, అతని పేరు చెప్పి, వెనక్కి పంపనివ్వొద్దని బిగ్గరగా తెలుగులో ప్రార్థించాను. చివర్లో ఆమేన్ అన్నది మేమిద్దరమే. అయినా గట్టిగానే అన్నాం.